ఐజెలె గారి బఠాణీ

కిందటి నెల ఒక శనివారం పొద్దున ఫ్రౌ ఐజెలె, అంటే శ్రీమతి ఐజెలె, ఫోను చేసి, "ఫ్రౌ కొండేటి, వచ్చి మీ కారు తీసుకెళ్ళండి" అన్నారు. నా కారు మా ఇంటి ముందే ఉంది, ఛార్జింగు తీగ తగిలించుకుని. ఆవిడకి తొంభై దగ్గర పడుతోంది కదా, ఏదో తడబడుతున్నారనుకున్నాను. "అది కాదు, బఠాణీ. మా ఆయన కాయితం మీద మీ పేరు రాసిపెట్టి వెళ్ళారు" అన్నారు. ఐజెలె గారు పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి, చెప్పాల్సిన మాట చెప్పకుండానే రైలెక్కి వచ్చేశాను. ఆ మాటేమిటో మీకు ముందే చెప్పేస్తాను, దాచి దాచి విసిగిపోయాను. ఆ కారుని ఒకప్పుడు నేనే పాడుచేశాను. కావాలని కాదు, ప్రేమకొద్దీ. ఆ సంగతి ఆయనకి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఆ కారునే నా చేతిలో పెట్టి వెళ్ళారు.

బఠాణీ అన్న పేరు ఆయన పెట్టిందే, దాని రంగుని బట్టి. ఆయన జర్మన్‌లో అనేవారు, నేను తెలుగులో అనేదాన్ని. తయారుచేసిన కంపెనీ పేరు మాత్రం రాయను. రాసినా మీకు తెలియదు, తెలిసిన నలుగురూ నవ్వుతారు. స్టుట్‌గార్ట్ అనగానే లోకానికి పెద్ద పెద్ద కార్లు గుర్తొస్తాయి. ఆ పక్కనే ఒక చిన్న కంపెనీ నాలుగేళ్ళ పాటు చిన్న కార్లు చేసి, దివాలా తీసి, తాళం వేసుకుంది. ఆ కారు డిక్కీ బయటినించి తెరుచుకోదు. వెనక సీటు వంచి, తల లోపలికి దూర్చి సామాను పెట్టుకోవాలి. గేరు కర్ర గొడుగు పిడిలా స్టీరింగు పక్కనించి పొడుచుకొస్తుంది. చలికాలంలో వేడిగాలి డ్రైవరు ఎడమ పాదానికి తప్ప ఇంకెవరికీ తగలదు. ముందు లైట్లు రెండూ మరీ దగ్గరగా ఉండటం వల్ల దాని ముఖం ఎప్పుడూ ఉలిక్కిపడినట్టుంటుంది. కొన్నవాళ్ళు తిట్టుకున్నారు, కొననివాళ్ళు నవ్వుకున్నారు. ఐజెలె గారు కుర్రతనంలో ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశారు. లైను చివర నిలబడి, బయటికొచ్చే ప్రతి బండినీ పరీక్షించి తప్పులు రాసే ఉద్యోగం. తాళం వేసే వారం లైను మీదున్న ఆఖరి బళ్ళలో ఒకటి తానే కొనుక్కున్నారు. తరవాత ముప్పై ఏళ్ళు వేరే చోట చేసి రిటైరయ్యారు కానీ ఆ చోటి ఊసెత్తేవారు కాదు. "ముప్పై ఏళ్ళు మంచి కంపెనీలో చేశాను, నాలుగేళ్ళు నా కంపెనీలో చేశాను" అనేవారు.

నేను వాళ్ళ మేడ మీది గదిలో దిగేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. రాజమండ్రి నించి సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద వచ్చాను, కార్లకి విడిభాగాలు చేసే చోట బ్రేకుల ప్రోగ్రాములు రాసే పని. ఊళ్ళో మీటె, అదే అద్దె, అందుకోలేక ఎస్-బాన్ లోకల్ రైలు చివరి స్టాపు దాకా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గది చూడ్డానికి టెర్మిన్, అంటే రమ్మన్న టైము, ఇచ్చిన రోజు ఐజెలె గారు నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. ఫ్రౌ ఐజెలె మాత్రం "మెట్లు తుడవడం వచ్చా?" అని అడిగారు. ఆ ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. ఇంటి మెట్లూ, ముందున్న కాలిబాటా వారానికొకరు వంతులవారీగా ఊడ్చాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక వేలాడదీస్తారు. కేర్‌వోఖె అంటారు దాన్ని. ఆ ఇంట్లో ఉన్నవి రెండే వాటాలు కాబట్టి పలక వాళ్ళ తలుపు నించి నా తలుపుకి, నా తలుపు నించి వాళ్ళ తలుపుకి తిరుగుతుండేది. నా వారం పూర్తయ్యాక ఫ్రౌ ఐజెలె మెట్ల మూలల్లో వేలితో రాసి చూసుకునేవారు. నేను ఊడ్చిన చోట మా నాయనమ్మా అదే పని చేసేది కనక నాకేం కొత్తగా అనిపించలేదు. మా తాత వయసున్న మనిషి నన్ను పట్టుకుని మీరు అనడమే సిగ్గుగా ఉండేది. చివరిదాకా అలాగే అన్నారు.

శనివారం పొద్దున తొమ్మిదికి ఆయన నీలం కోటు తొడుక్కుని గ్యారేజీ తలుపు పైకెత్తేవారు. లోపలినించి పెట్రోలూ, పాత రబ్బరూ, వాటితో పాటు గొర్రెల దొడ్డిని గుర్తుచేసే వాసన ఒకటీ కలిసి వచ్చేవి. ఆ మూడో వాసన అలమరలో ఉన్న పేరులేని రేకు డబ్బాల నించి వచ్చేది. అందులో ఏముందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మాటలు అక్కర్లేని మనిషి. మెచ్చుకోవాలంటే ఒకసారి గొంతు సవరించుకునేవారు, అంతే. మా నాన్న టాక్సీ డ్రైవరు. రాజమండ్రి స్టేషను స్టాండులో ఆయన బండి ఉండేది. పానా ఏదో, స్క్రూడ్రైవరు ఏదో చిన్నప్పటి నించీ తెలుసు నాకు. ఒక శనివారం ఐజెలె గారు కారు కిందినించి చెయ్యి చాపితే, అడగకుండానే పదమూడో నంబరు పానా చేతిలో పెట్టాను. కింద నించి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఆ పై వారానికి ఇంకో నీలం కోటు, నా కొలతకి చేతులు మడిచి కుట్టినది, గ్యారేజీ కొక్కేనికి వేలాడుతోంది. కుట్టింది ఫ్రౌ ఐజెలె అని తరవాత తెలిసింది.

మధ్యాహ్నం వంటింట్లోంచి పప్పు వాసన వచ్చేది. వాళ్ళు గోధుమరంగు పప్పుని వెనిగరు వేసి వండి, చేత్తో గీరిన నూడుల్సుతో తింటారు. నాకు సాసేజి లేకుండా వేరే గిన్నెలో తీసిపెట్టేవారు. నేను మేడ మీదికి వెళ్ళి ఇంగువ తాలింపు వేసి కిందికి తెచ్చేదాన్ని. ఫ్రౌ ఐజెలె కిటికీలు తెరిచేవారు, ఆయన మాత్రం రెండోసారి వడ్డించుకునేవారు. ఆదివారం నా తలంటు. అమ్మ పంపిన కుంకుడుకాయలు నానబెట్టి రసం తీసి తల రుద్దుకుని, గ్యారేజీ పైనున్న కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకునేదాన్ని. "మీ తల అడవి వాసన వస్తుంది" అనేవారు ఫ్రౌ ఐజెలె. తిట్టో పొగడ్తో నాకెప్పుడూ తేలలేదు.

అన్నిటికంటే నేను ఆశ్చర్యపోయింది ఆయన రాసే పుస్తకాన్ని చూసి. ఆకుపచ్చ అట్ట, గళ్ళ కాయితాలు. ఫ్యాక్టరీలో అలవాటైనట్టే పేజీకి గీతలు కొట్టుకునేవారు: తేదీ, తప్పు, కారణం, మరమ్మతు, ఆ పక్కన చిన్న ఖాళీ గడి. పని పూర్తిగా అయిందని మనసుకి నమ్మకం కుదిరాక ఆ గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టేవారు. ఎడమ అద్దం చలికి బిగిసిపోయినా రాయాల్సిందే, బల్బు పోయినా రాయాల్సిందే. కారణం గడి ఒక్కనాడూ ఖాళీగా వదల్లేదు. "బల్బు పోతే కారణమేముంటుంది, పోయింది కాబట్టి పోయింది" అన్నాన్నేను ఒకసారి. ఆయన కళ్ళజోడు మీదినించి చూసి, "తప్పు కనిపెట్టడానికి నాకు జీతమిచ్చేవారు. కారణం రాసుకోవడం నా ఇష్టం" అన్నారు. ఆ నవ్వులపాలైన ఫ్యాక్టరీ ఏ తప్పులకి మునిగిపోయిందో, ఆ తప్పులన్నీ ఈ ఒక్క బండిలో ఒక్కొక్కటే సరిచేసుకుంటూ బతుకుతున్నారని నాకు అప్పుడే అనిపించింది. అలాంటి మనిషిని నేను అంతవరకు చూడలేదు.

వేసవిలో ఏడాదికోసారి ఆ కార్లున్నవాళ్ళంతా ఒక పాలరైతు గడ్డిమైదానంలో కలిసేవాళ్ళు. నేను వెళ్ళిన మొదటి ఏడాది పదకొండు కార్లొచ్చాయి, అందులో రెండు లారీల మీద. పిల్లాడు అన్నం తినడని అమ్మలు చెప్పుకుంటారే, ఆ గొంతుతో చెప్పుకునేవాళ్ళు తమ బళ్ళ రోగాలు. "మాది మూడో గేరులో మూలుగుతుంది." "ఇంకా నయం, మాది రెండో గేరు నించే." ఒకాయన తన కారు డిక్కీలో పడిపోయిన టిఫిను డబ్బా కోసం తల దూర్చి ఇరుక్కుపోతే, ఇద్దరు కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు. లాగేటప్పుడు కూడా ఆయన ఆ డిక్కీని పొగుడుతూనే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో ఐజెలె గారు నా పక్క తలుపు కాకుండా డ్రైవరు పక్క తలుపు తీసి నిలబడ్డారు. నాకు జర్మన్ లైసెన్సు చేతికొచ్చి నెల కూడా కాలేదు. ద్రాక్షతోటల మధ్య రోడ్డు మీద, వేసవిలోనూ ఆగని ఆ వేడిగాలికి ఎడమ పాదం కాలుతుంటే, గంట సేపు నడిపాను. సిగ్నల్ దగ్గర పక్క కారులో పిల్లలు వేలు చూపించి నవ్వారు. నాకు కోపం రాలేదు, పాపం వీళ్ళకి తెలీదనుకున్నాను. ఆ సాయంత్రం నించి ఆ బండి నాదైనట్టే ప్రేమించాను.

ఆ అక్టోబరులో ఫ్రౌ ఐజెలెకి మోకాళ్ళ వైద్యం కోసం వేడినీళ్ళ బుగ్గలున్న ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. వారం రోజులు ఇద్దరూ వెళ్ళారు. ఇంటి తాళాలూ గ్యారేజీ తాళాలూ నాకిచ్చారు. అదే వారంలో దసరా. కాలింగ్ కార్డు గోకి నాన్నకి ఫోను చేశాను.

"ఏవమ్మా, పండక్కి బండి కడిగేవా?" అన్నాడు నాన్న.

"నాకు బండెక్కడిది నాన్నా, మా ఓనరుగారిది."

"ఎవరిదైతేనేవే, నువ్వు తోలిన బండేగా. పూజ చెయ్యకుండా వదిలేస్తావా?"

"వదలన్లే. బొట్టు పెడతాలే."

"బొట్టు తరవాతమ్మా. ముందు నీళ్ళొయ్యాలి. కిందా పైనా, సందుల్లోనూ గొందుల్లోనూ, మురికన్నది లేకుండా. స్నానం చెయ్యని పెళ్ళికొడుకుని ఎవరన్నా పీటల మీద కూచోబెడతారేంటే?"

గ్యారేజీ నేలలో మనిషి దిగి నిలబడేంత గుంట ఉంది. దిగి టార్చి వేసి చూశాను. పైన అద్దంలా మెరిసే బండి, అడుగున నల్లగా జిడ్డుగా, వేలు పెడితే వేలు దిగబడేంత మందాన ఏదో పట్టి ఉంది. ఇంత ప్రేమగా చూసుకునే మనిషి అడుగు ఇలా ఎందుకు వదిలేశారా అని ఆలోచించి, వయసైపోయింది, వంగలేకపోతున్నారు పాపం అని నాకు నేనే తేల్చుకున్నాను. అమ్మ పంపిన కుంకుడుకాయలన్నీ చితక్కొట్టి పెద్ద గిన్నెలో మరగబెట్టాను. గింజలు ఏరేంత ఓపిక లేదు. గిన్నెలు తోముకోమని అమ్మ పెట్టిన కొబ్బరి పీచు ఉంది. మధ్యాహ్నం నించి చీకటి పడేదాకా ఆ గుంటలో నిలబడి అడుగంతా రుద్దాను. తలుపుల కింద, బండి పొడుగునా, ఇంటి గడపలాంటి రేకు ఉంటుంది. లోపల బోలు. దానికి అక్కడక్కడ రబ్బరు మూతలు. ఎడమ వైపు ఒక మూత తీసి వేలు పెడితే లోపల కూడా అదే జిడ్డు. సందుల్లో గొందుల్లో అన్నాడు కదా నాన్న. ఆ వైపు మిగతా మూతలు కూడా తీసి, గరాటు పెట్టి సలసల కాగే కుంకుడు రసం లోపలికి పోశాను. గోధుమరంగు నురుగు కిందికి కారుతుంటే ఎంత సంబరపడిపోయానో చెప్పలేను. నాలుగు బకెట్లయ్యాక తెల్ల నురుగొచ్చింది. కుడి వైపుకి రసం మిగల్లేదు. మళ్ళీ మురికి చేరకుండా మూతలు గట్టిగా నొక్కి బిగించేశాను. మర్నాడు ఆ గడపకే పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఐజెలె గారు గ్యారేజీ తలుపెత్తి, గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చారు. బొట్లు చూశారు. అవేమిటో చెప్పాను, మా నాన్న సంగతి చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నారు. నేను గాల్లో తేలిపోయాను. ఆ తేలడం శనివారం దాకానే. శనివారం నేను కోటు తొడుక్కుని దిగేసరికి ఆయన గుంటలో ఉన్నారు. పక్కన చిన్న పొయ్యి మీద ఆ పేరులేని డబ్బా వేడెక్కుతోంది. ఆయన కుంచెతో బండి అడుక్కి పసుపుపచ్చటి కొవ్వు పూస్తున్నారు. "ఇది గొర్రె ఉన్నిలోంచి తీసిన కొవ్వు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు రేకుని తినెయ్యకుండా దీనికి ఇదే చొక్కా" అన్నారు. కోపం లేదు, పైగా చిన్నగా నవ్వారు. నేను కడిగింది మురికిని కాదని అప్పుడు తెలిసింది. డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అడుగంతా పూయడం అయిపోయింది. గడప లోపల కూడా కడిగేశానని, తడి లోపలే ఉంచి మూతలు బిగించానని చెప్పాల్సింది అప్పుడే. మాట నోటి చివరిదాకా వచ్చింది. ఒంటి మీదున్న నా నీలం కోటు కేసి చూసుకున్నాను. చెప్తే మళ్ళీ మేడ మీద అద్దెకున్న అమ్మాయినైపోతానని భయమేసింది. వచ్చే శనివారం చెబుదాం అనుకున్నాను. ఆ శనివారం వచ్చేసరికి ఇంకా కష్టమైంది.

ఆయన బండిని చలికాలం దాచిపెట్టే రకం కాదు. మంచులోనూ రొట్టెల దుకాణానికి అందులోనే వెళ్ళేవారు. రెండు చలికాలాలు గడిచాయి. బళ్ళన్నిటికీ రెండేళ్ళకోసారి తనిఖీ ఉంటుంది ఇక్కడ. ఆ వసంతంలో బఠాణీ వంతు వచ్చింది, ఆయనతో నేనూ వెళ్ళాను. తనిఖీ చేసే మనిషి చిన్న సుత్తితో అడుగున కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. ఎడమ గడప దగ్గర చప్పుడు రాలేదు. సుత్తి మొన లోపలికి దిగిపోయింది. "ఇంత బాగా చూసుకునే బండికి లోపలినించి ఇలా ఎందుకైంది?" అన్నాడతను. "పాత రేకు" అన్నారు ఐజెలె గారు. ఆ క్షణాన నేలలోకి కుంగిపోదామనిపించింది. ఇంటికొచ్చాక ఆయన, "కోయడం, అతకడం నిప్పురవ్వల పని, కొన్నాళ్ళు మీరు గ్యారేజీకి రాకండి" అన్నారు. వెళ్ళకుండా ఉండే అవకాశం దొరికిందని లోలోపల ఊరట కలిగింది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ ఊరటని తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వేసవి మైదానం నాటికి పని పూర్తికాలేదు. అన్నేళ్ళలో మొదటిసారి ఆయన బండి లేకుండా వెళ్ళారు, రైల్లో. నేనూ వెళ్ళాను. బఠాణీ ఎప్పుడూ నిలబడే చోటు మిగతావాళ్ళు అలాగే ఖాళీగా ఉంచారు. ఆయన మడత కుర్చీ వేసుకుని ఆ ఖాళీలో కూర్చున్నారు. పలకరించినవాళ్ళతో "దానికి ఒంట్లో బాగాలేదు" అని చెప్తూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోసిస్తూ పక్కన గడ్డిలో కూర్చున్నాను. తిరుగు రైల్లో తన రొట్టెలో సగం తుంచి నాకిచ్చి, "ఫ్రౌ కొండేటి, మీరేదో ఆలోచిస్తున్నారు" అన్నారు. "ఆఫీసు పని" అన్నాను. ఆయన తలాడించి మిగిలిన సగం రొట్టె తిన్నారు. ఆకురాలే కాలానికి బండి మళ్ళీ రోడ్డెక్కింది. ఇంకో రెండేళ్ళకి నాకు పెళ్ళయి ఆ ఇల్లు వదిలేశాను. పుట్టినరోజులకీ, క్రిస్మస్ కాఫీలకీ వెళ్తూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాననుకునే మెట్లెక్కేదాన్ని.

కారు తెచ్చుకోబోతున్నానని ఆఫీసులో చెప్తే, కరీంనగర్ నించి ఈమధ్యే వచ్చిన శ్రావణి, "అక్కా, గంత పాత బండి ఏం జేస్కుంటరు? బ్లూటూత్ గూడ ఉండదు గదా" అంది. ఉండదు. నా ఇప్పటి కారుకి అన్నీ ఉన్నాయి. తప్పు వస్తే అదే కనిపెట్టి, నేను నిద్రలేచేలోపు అదే సరిచేసుకుంటుంది. ఆరేళ్ళయింది కొని, దాని మూత ఒక్కసారి ఎత్తి చూడలేదు. ఎక్కడ తప్పయిందో నాకు చెప్పదు, ఎందుకైందో అసలే చెప్పదు. మంచి కారు, దాని మీద ఫిర్యాదేం లేదు. కాకపోతే అది నన్ను ఏమీ అడగదు, నేనూ దాన్ని ఏమీ అడగను. మనుషులతో కూడా ఈమధ్య అలాగే నడుస్తోంది నాకు.

ఆ పై వారం ఆదివారం ఎస్-బాన్ ఎక్కి వెళ్ళాను. తలుపుకి కేర్‌వోఖె పలక ఇంకా వేలాడుతూనే ఉంది, మేడ మీద ఎవరూ లేకపోయినా. ఫ్రౌ ఐజెలె వంటింటి బల్ల మీద కాఫీ, తాళంచెవులు, ఆకుపచ్చ అట్ట పుస్తకం పెట్టి ఉంచారు. "కారుతో పాటు ఇది కూడా మీదే" అన్నారు. పుస్తకం తెరిస్తే గ్యారేజీ వాసన వచ్చింది. పేజీలు తిప్పుతూ పోయాను. అద్దం, బల్బు, పంపు, వరసగా కారణాలు, వరసగా టిక్కులు. ఒక పేజీ ఎత్తుగా తగిలింది. కాయితానికి టేపుతో ఏదో అతికించి ఉంది. నల్లగా, గుండ్రంగా, ఇన్నేళ్ళయినా నిగనిగలాడుతూ కుంకుడు గింజ.

ఆయన రాత చిన్నగా, నిటారుగా ఉంటుంది. తప్పు: ఎడమ గడప, లోపలినించి తుప్పు. మరమ్మతు: పాత రేకు కోసి కొత్తది అతికించాను. మధ్యలో కారణం గడిలో, నేను ఎన్నో రాత్రులు నా పేరు ఊహించుకున్న గడిలో, ఇలా ఉంది: ఆ కొవ్వు ఎందుకో ఆమెకి నేను చెప్పలేదు.

అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే, చివరి గడి ఖాళీగా ఉంది.

"టిక్కు పెట్టడం మర్చిపోయారు" అన్నాను.

"ఆయనా? మర్చిపోవడమా?" అన్నారు ఫ్రౌ ఐజెలె. "రేకు కోసిన రోజు ఆ గింజ తెచ్చి ఇదే బల్ల మీద పెట్టారు. నేను చూడగానే గుర్తుపట్టాను. మా నీళ్ళ గొట్టానికి అడ్డం పడేవి అవే కదా ఆదివారాలు."

"మరి నన్ను అడగలేదేం?"

"నేను అడుగుతానన్నాను. వద్దన్నారు. 'రేకు పని అయిపోయింది హెడ్విగ్, ఆ అమ్మాయి పని ఇంకా కాలేదు, ఆమె వచ్చి చెప్పాక టిక్కు పెడతాను' అని నాతో అన్నారు. మీరొచ్చి వెళ్ళిన ప్రతిసారీ పుస్తకం తీసి, మళ్ళీ లోపల పెట్టేసేవారు."

రైల్లో ఆయన తుంచి ఇచ్చిన సగం రొట్టె గుర్తొచ్చింది. ఆయన నన్ను అడిగారు, నేనే ఆఫీసు పని అన్నాను. అప్పుడు ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, కాఫీ ఇంకాస్త పోసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "చెప్పండి" అన్నారు. చెప్పాను. నాన్న ఫోను నించి మొదలుపెట్టి, గుంట, గరాటు, నురుగు, బిగించిన మూతలు, పసుపు, ఆ శనివారం పట్టుకున్న డబ్బా, కోటు మీద ఆశ, సుత్తి, ఖాళీ జాగాలో మడత కుర్చీ, అన్నీ చెప్పాను. అన్నీ తెలిసిన మనిషి, ఏమీ తెలియనట్టే విన్నారు. మధ్యలో ఒక్కసారి, "ఎన్ని బకెట్లు?" అని అడిగారు. "నాలుగు" అన్నాను. "నాలుగా!" అని తల పట్టుకున్నారు.

నేను ముగించాక ఆవిడ లేచి, తలుపు వెనక వేలాడుతున్న ఆయన నీలం కోటు జేబులోంచి పెన్సిలు తీసి నా ముందు పెట్టారు. "ఇప్పుడు పెట్టండి."

పెన్సిలు మొన మొద్దుబారి ఉంది. టిక్కు లావుగా, కాస్త వంకరగా పడింది. ఫ్రౌ ఐజెలె కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం దగ్గరికి లాక్కుని, దాన్ని చాలాసేపు చూశారు. తరవాత ఒకసారి గొంతు సవరించుకున్నారు.